పక్షులు పెరిగాయి సరే, అది మన గొప్పేనా?

పక్షుల సంరక్షణ మీద వచ్చే నివేదికలు చదవడం నాకు అలవాటు. ఆ అలవాటుతో పాటు ఒక జబ్బు కూడా పట్టుకుంది. "చర్యలు చేపట్టాక పక్షుల సంఖ్య ఇంత శాతం పెరిగింది" అనే వాక్యం కనబడగానే నేను అక్కడే ఆగిపోతాను. ఎవరు లెక్కపెట్టారు, ఏ నెలలో, ఎంతసేపు, అసలు ఆ చర్యలేవీ తీసుకోకపోయుంటే ఈపాటికి ఎన్ని ఉండేవి? మొదటి మూడింటికీ చివరి పేజీల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో సమాధానం దొరుకుతుంది. నాలుగోదాని జోలికి చాలామంది పోరు. సంరక్షణ పనిచేసిందా లేదా అన్న సంగతంతా ఆ నాలుగో ప్రశ్నలోనే ఉంది మరి.

ఒక చిన్న లెక్క వేద్దాం (అంకెలు నేను కల్పించినవే, విషయం తేలిగ్గా అర్థం కావడానికి). ఒక చెరువుని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అంతకుముందు ఏటా చలికాలంలో సగటున 200 బాతులు దిగేవి, ఐదేళ్ల తర్వాత 160 దిగుతున్నాయి. ఇది చూసి ఎవరైనా "రక్షణ పెట్టినా తగ్గిపోయాయి" అనే అంటారు. ఇప్పుడు దాదాపు అంతే విస్తీర్ణం, అంతే లోతు ఉండి ఏ రక్షణా లేని మరో ఐదు చెరువుల లెక్కలు తీస్తే, అక్కడ సగటు 200 నుంచి 100కి పడిపోయిందని తేలింది అనుకుందాం. అంటే మన చెరువుని వదిలేసి ఉంటే అది కూడా 100 దగ్గరే ఉండేదన్నమాట, రక్షణ వల్ల 60 బాతులు మిగిలాయి. దీన్నే తిరగేసి చూడండి. మన చెరువులో 200 కాస్తా 300 అయ్యాయి, ఊరేగింపు తీయొచ్చు, కానీ ఆ ఐదు చెరువుల్లో కూడా 300 అయ్యాయి. అప్పుడు మనం చేసినదాని వల్ల కలిగిన తేడా సున్నా. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, అంతే.

చర్యకి ముందు, తర్వాత, చర్య ఉన్న చోట, లేని చోట, ఇలా నాలుగు వైపుల నుంచీ చూసే ఈ పద్ధతిని పరిశోధకులు పొట్టిగా 'బేసీ' అంటారు. చెప్పడానికి తేలికే, కాకపోతే దీనికి ఒక షరతుంది. చర్య మొదలుకాక ముందు రెండు రకాల చెరువులూ ఒకే తీరులో పెరుగుతూ తగ్గుతూ ఉండాలి, లేకపోతే పోలికకి అర్థం లేదు. ఆ సంగతి తెలియాలంటే 'ముందు' కాలం డేటా కనీసం కొన్నేళ్లది చేతిలో ఉండాలి. అందరూ చిక్కుకునేది ఇక్కడే, ఎందుకంటే ప్రాజెక్టు మంజూరయ్యాక గానీ లెక్కపెట్టడానికి మనుషులు రారు.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడిన అధ్యయనం ఒకటి 2022లో నేచర్ పత్రికలో వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 1,506 రక్షిత ప్రాంతాలు, వాటిలో 27,000కి పైగా నీటిపక్షుల పాపులేషన్లు (ఒక చోట ఉండే ఒక జాతి గుంపుని ఒక పాపులేషన్‌గా లెక్కేస్తారు). ఫలితం ఏమొచ్చిందంటే, కొన్నిచోట్ల మేలు, కొన్నిచోట్ల తేడా లేదు, కొన్నిచోట్ల ఇంకా దిగజారింది. గీత గీసి "ఇది రక్షిత ప్రాంతం" అని బోర్డు పెట్టినంత మాత్రాన పక్షులకి మేలు జరుగుతుందన్న గ్యారంటీ లేదు. నీటిపక్షుల కోసమే ప్రత్యేకంగా నిర్వహణ చేసిన చోట్ల మాత్రం ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. నాకు ఈ అధ్యయనంలో నచ్చిన విషయం ఇంకోటుంది. అదే డేటాని ఉత్త ముందు-తర్వాత పద్ధతిలో చూస్తే ఒక సమాధానం వస్తుంది, ఉత్త లోపల-బయట పద్ధతిలో చూస్తే వేరే సమాధానం వస్తుంది, రెండూ కలిపి చూస్తే మూడోది. పక్షులు అవే, లెక్కలు అవే. మనం అడిగే తీరుని బట్టి జవాబు మారిపోతోంది.

సరైన పోలిక దొరకని చోట కొంతమంది తెలివిగా దాన్ని వెతికి పట్టుకున్నారు కూడా. యూరోపియన్ యూనియన్ 1979లో పక్షుల రక్షణకి ఒక చట్టం తెచ్చి, ప్రత్యేక శ్రద్ధ అవసరమైన జాతులని ఒక జాబితాలో పెట్టింది. ఆ జాబితా జాతులు చాలావరకు యూనియన్‌లో లేని పక్క దేశాల్లో కూడా ఉంటాయి కదా. అవే జాతులు సరిహద్దుకి ఇటు ఎలా ఉన్నాయి, అటు ఎలా ఉన్నాయి, జాబితాలో లేని జాతుల సంగతేంటి, ఇవన్నీ పోల్చి 2007లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. జాబితాలో ఉన్న జాతులు యూనియన్ లోపల మెరుగ్గా ఉన్నాయని తేలింది. ఒక చట్టం పనిచేసిందని అంకెలతో చూపించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి ఈ ఐడియా విలువ తెలుస్తుంది.

ఇంకో మెలిక. మనం సంరక్షణ ఎప్పుడు మొదలుపెడతాం? సంఖ్య బాగా పడిపోయి, అందరికీ టెన్షన్ పుట్టిన ఏడాదే. జ్వరం బాగా ఎక్కువైన రోజే మందు వేసుకుంటాం, మర్నాడు ఎలాగూ కాస్త దిగుతుంది, పేరు మాత్రం మందుకి వస్తుంది. పక్షుల సంఖ్య కూడా ఏటా సహజంగా ఎగుడుదిగుడుగా ఉంటుంది, మరీ అడుగున ఉన్న ఏడాదిని మొదటి ఏడాదిగా పెట్టుకుంటే తర్వాత ఏం చేసినా చేయకపోయినా గ్రాఫ్ పైకే వెళ్తుంది. అందుకే ఏదైనా గ్రాఫ్ చూసినప్పుడు మొదటి చుక్క ఎక్కడ పెట్టారో, ఎందుకు అక్కడే పెట్టారో చూడండి. ఆ చుక్కని రెండేళ్లు వెనక్కి జరిపితే కథ మారిపోయే గ్రాఫులు బోలెడు.

చోట్ల ఎంపిక కూడా అంతే. ప్రపంచంలో రక్షిత ప్రాంతాలు ఎక్కువగా ఎత్తైన చోట్ల, నిటారు వాలుల మీద, రోడ్లకీ పట్టణాలకీ దూరంగా ఉంటాయి. అంటే ఎవరికీ పెద్దగా అక్కర్లేని నేలలు. అక్కడ అడవి మిగిలిందంటే రక్షణ వల్ల మిగిలిందా, ఎవరూ దాని జోలికి రాలేదు కాబట్టి మిగిలిందా? దీనికి విరుగుడుగా బయట ఉన్న చోట్లలోంచి అదే ఎత్తు, అదే వాలు, రోడ్డుకి అంతే దూరం ఉన్నవాటిని ఏరి జతకలిపి పోలుస్తారు. అలా పోలిస్తే రక్షణ వల్ల జరిగిన మేలు చాలాసార్లు ముందు అనుకున్నదానికంటే తక్కువే అని తేలుతుంది. వినడానికి బాగోదు గానీ తెలుసుకోవడం మంచిదే.

ఈ జతల పద్ధతి కొన్నిసార్లు అసలు ఊహించని జవాబు కూడా ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో గడ్డి మైదానాల్లో నేలమీద గూడు కట్టే పక్షుల కోసం రైతులతో ఒప్పందాలు చేసుకుని, గూళ్లు దెబ్బతినకుండా గడ్డి కోత ఆలస్యం చేయించారు, దానికి పరిహారం కూడా ఇచ్చారు. 2001లో పరిశోధకులు ఒప్పందం ఉన్న పొలం, దానిలాంటిదే ఒప్పందం లేని పొలం, ఇలా 78 జతలు తీసుకుని చూస్తే, నేలమీద గూడు కట్టే నాలుగు ముఖ్యమైన జాతులు ఒప్పందం ఉన్న పొలాల్లోనే ఇంకా తక్కువగా కనబడ్డాయి. ఎరువు తగ్గితే మట్టిలో వానపాముల్లాంటి తిండి కూడా తగ్గుతుంది, పక్షులు తిండి ఎక్కువున్న పక్క పొలానికి పోతాయి అని దీనికి ఒక వివరణ. అప్పట్లో దీనిమీద పెద్ద గొడవే అయింది. కానీ ఆ గొడవ వల్లే యూరప్‌లో ఇలాంటి పథకాలని నిజంగా కొలిచి చూడాలన్న ఆలోచన బలపడింది.

ఇప్పటిదాకా చెప్పినదంతా చేతిలో ఉన్న అంకెలు సరైనవే అనుకుని. అసలు తలనొప్పి ఆ అంకెల్లోనే ఉంది.

సర్వే షీట్ ఒకటి ఊహించుకోండి. ఒక్కో వరుసలో తేదీ, చోటు, మొదలుపెట్టిన టైమ్, ముగించిన టైమ్, ఆ తర్వాత జాతుల గడులు. నీటికాకి 14, నారాయణ పక్షి 3, లకుముకి గడి ఖాళీ. ఈ ఖాళీకి అర్థం ఏంటి? లకుముకి కోసం చూశారు, లేదు అనా? చూశారు గానీ రాయలేదు అనా? ఆ సర్వేలో పెద్ద నీటిపక్షుల్ని మాత్రమే లెక్కపెట్టమన్నారు కాబట్టి లకుముకి గొడవే లేదు అనా? కంప్యూటర్‌కి ఇవేమీ పట్టవు. ఖాళీని సున్నాగా తీసుకోమంటే తీసుకుంటుంది, వదిలేయమంటే వదిలేస్తుంది, రెండు దారుల్లో రెండు ట్రెండ్లు వస్తాయి. పదేళ్ల డేటాలో మొదటి ఐదేళ్లు ఖాళీ వదిలేసే మనిషి, తర్వాతి ఐదేళ్లు శ్రద్ధగా 0 రాసే మనిషి షీట్ నింపారనుకోండి, ఖాళీలని వదిలేసి సగటు తీస్తే జాతి తగ్గిపోయినట్టు కనబడుతుంది. మారింది షీట్ నింపిన చెయ్యి. విశ్లేషణ అంటే ఏదో పెద్ద మోడల్ రన్ చేయడం అనుకుంటారు గానీ, ఎక్కువ టైమ్ పోయేది ఇలాంటి ఖాళీ గడుల వెనక ఏముందో కనుక్కోవడానికే.

షీట్ పక్కాగా ఉన్నా ఇంకో సమస్య ఉంటుంది, ఉన్న పక్షులన్నీ కనబడవు. ఎక్కువమంది పట్టించుకోని ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. గడ్డి మైదానాన్ని బాగు చేశారు, పశువుల మేత తగ్గించారు, గడ్డి మోకాలి నుంచి నడుము దాకా పెరిగింది. పక్షులు నిజంగానే పెరిగాయి, కానీ ఆ ఎత్తు గడ్డిలో కనబడే వంతు తగ్గిపోయింది. లెక్కలో సంఖ్య తగ్గింది! చర్యే కనబడే అవకాశాన్ని మార్చేస్తే, ఉత్త లెక్కలు పోల్చి లాభం లేదు. అందుకే ఒకే సీజన్లో అదే చోటికి మూడు నాలుగు సార్లు వెళ్లి లెక్కపెడతారు. ఉందని ఖాయంగా తెలిసిన చోట నాలుగు సార్లలో ఒక్కసారే కనబడిందంటే, ఒకసారి వెళ్లి "లేదు" అని రాయడం ఎంత నమ్మదగ్గదో లెక్క వేయొచ్చు. లేదంటే కనబడిన ప్రతి పక్షికీ మన నుంచి ఎంత దూరమో రాస్తారు, దూరం పెరిగేకొద్దీ లెక్క ఎంత వేగంగా పడిపోతోందో చూస్తే ఎన్ని మన కళ్లు తప్పించుకున్నాయో అంచనా దొరుకుతుంది. పేర్లు ఘనంగా ఉంటాయి ఈ మోడళ్లకి, లోపల ఉన్న ఆలోచన మాత్రం ఇంతే.

దీనికి కలివికోడిని మించిన ఉదాహరణ లేదు. బ్రిటిష్ కాలపు పరిశోధకుడు జెర్డాన్ కనుక్కోగా, 1848లో బ్లైత్ అనే మరో పరిశోధకుడు వర్ణించిన ఈ పక్షి 1900 తర్వాత జాడ లేకుండా పోయింది, అంతరించిందనే అనుకున్నారు, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగేది, పొదల మధ్య ఉండేది, మనిషి అలికిడికి కదలకుండా నిలబడిపోయేది. దీన్ని టార్చ్ పట్టుకుని తిరిగి లెక్కపెట్టాలంటే అయ్యే పని కాదు. అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని సన్నటి పట్టీలుగా పరిచి, మర్నాడు పొద్దున దానిమీద పడిన అడుగుల్ని చూసేవాళ్లు. అదే చోట్ల కెమెరా ట్రాపులు పెట్టి ఆ అడుగులు దానివేనా అని సరిచూసుకున్నారు, కూత రికార్డు వినిపించి బదులు వస్తుందేమో చూశారు. ఇన్ని చేస్తే గానీ "ఇలాంటి పొదల్లో ఉంటుంది, మరీ చిక్కటి పొదల్లో ఉండదు" అన్నంత మాట చెప్పగలిగారు. ఇక పక్షి పేరు మీద ఒక అభయారణ్యం పెట్టి, అది పనిచేసిందా అని ఏటా ఒక మనిషి ఒక రోజు తిరిగొచ్చి చెప్పేస్తే ఎలా నమ్మాలి?

మనుషులు మారితే లెక్కలు మారతాయన్న సంగతి పాత సర్వేలకి బాగా తెలుసు. ఉత్తర అమెరికాలో 1966 నుంచి జరుగుతున్న బ్రీడింగ్ బర్డ్ సర్వేలో రూల్స్ ఎంత గట్టివంటే, సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టాలి, దాదాపు 40 కిలోమీటర్ల దారిలో 50 చోట్ల ఆగాలి, ప్రతిచోటా సరిగ్గా మూడు నిమిషాలు, 400 మీటర్ల లోపల చూసినవీ విన్నవీ మాత్రమే. అయినా కొత్తగా చేరినవాళ్లు మొదటి ఏడాది తక్కువ పక్షుల్ని నమోదు చేస్తారని డేటాలో బయటపడింది, అందుకని విశ్లేషణలో ఆ మొదటి ఏడాదికి విడిగా సవరణ పెడతారు. ఇంత పట్టుదల ఉండబట్టే, 1970 నుంచి ఆ ఖండంలో దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయన్న 2019 నాటి అంచనాకి అంత బరువు వచ్చింది. అందులో వాతావరణ రాడార్లు రాత్రిపూట వలస గుంపుల్ని ఎంత పట్టుకున్నాయన్నది కూడా విడిగా చూశారు, అది కూడా తగ్గుదలనే చూపించింది. అదే లెక్కల్లో బాతుల వర్గం మాత్రం పెరిగింది. దశాబ్దాలుగా చిత్తడి నేలల మీద పెట్టిన శ్రమకి దీన్ని సాక్ష్యంగా చూపిస్తారు. నేనూ చాలావరకు ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ పని జరగని గడ్డి మైదానాల పక్షులు అదే కాలంలో ఘోరంగా పడిపోయాయి.

మన దగ్గర అలా 1966 నుంచి జరిగిన సర్వే లేదు, ఈబర్డ్ అనే వెబ్‌సైట్ ఉంది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు, తోచిన చోటికి వెళ్లి పెట్టే లిస్టులు. అవి పనికిరావని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు, నాకు ఆ మాట నచ్చదు. మొత్తం ఎన్ని పక్షులు కనబడ్డాయని చూస్తే నిజంగానే పనికిరావు, ఎందుకంటే పక్షులు చూసేవాళ్లే ఏటేటా పెరుగుతున్నారు. దానికి బదులు పూర్తి లిస్టులు వందలో ఎన్నింటిలో ఆ జాతి ఉంది అని చూడాలి. "గుర్తుపట్టినవన్నీ రాశారా" అని ఈబర్డ్ అడిగే ఆ చిన్న ప్రశ్న ఇందుకే. అవును అంటే, లిస్టులో లేని జాతికి సున్నా అని అర్థం. స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదికలు ఈ దారిలోనే వచ్చాయి. 2023 నివేదికలో 942 జాతుల్ని చూశారు, దీర్ఘకాలిక ట్రెండ్ చెప్పగలిగినవి 338 మాత్రమే, వాటిలో 60 శాతం తగ్గాయి. మిగతా ఆరువందల పైచిలుకు జాతుల దీర్ఘకాలిక ట్రెండ్ చెప్పడానికి డేటా చాలలేదని ఒప్పుకోవడం నాకు ఆ నివేదిక మీద నమ్మకం పెంచింది. పిచ్చుక సంగతే చూడండి, అంతరించిపోతోందని అందరం అనుకుంటాం కదా, 2020 నివేదికలో దేశం మొత్తం మీద చూస్తే దాదాపు స్థిరంగా ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో. పిచ్చుక గూళ్లు ఎక్కడ పెట్టాలో, పెట్టి ఏం కొలవాలో ఆ ఒక్క తేడాతో మారిపోతుంది.

ఇక రాబందుల కథ. ఒక చర్య ఫలితాన్ని కొలవడం అంటే ఏంటో ఎవరైనా అడిగితే నేను దీన్నే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ రాబందుల్ని లెక్కపెట్టడంతో ఆగలేదు. 1990ల మొదట్లో వేటాడే పక్షుల (గద్దలు, డేగల్లాంటివి) కోసం రోడ్ల వెంట బండిలో వెళ్తూ చేసిన సర్వే ఒకటి ఉంది, దాన్ని 2000లో మళ్లీ అవే దారుల్లో చేశారు. తెల్లనడుము రాబందులు కళ్లముందే మాయమయ్యాయని అప్పుడు తెలిసింది, 1992 నుంచి 2007 మధ్య దేశంలో తగ్గుదల 99.9 శాతం. కారణం 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధనలో బయటపడింది. పశువులకి నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ ఆ కళేబరం తిన్న రాబందుల కిడ్నీల్ని పాడుచేస్తోంది. తర్వాత ఒక లెక్క వేశారు. ఇంత వేగంగా తగ్గాలంటే కళేబరాల్లో ఎన్నింటిలో ఆ మందు ఉండాలి? వందలో ఒకటి కూడా అక్కర్లేదని తేలింది. ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి కదా.

2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువైద్యంలో డైక్లోఫెనాక్ నిషేధించాయి. ఇప్పుడు నిషేధం పనిచేసిందా అని ఎలా తెలుసుకోవాలి? రాబందు ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుంది, పిల్ల పెద్దదై జత కట్టడానికి ఏళ్లు పడుతుంది. రాబందుల లెక్క కోసమే కూర్చుంటే పదేళ్లకి గానీ జవాబు రాదు, ఈలోగా మిగిలినవి కూడా పోతాయి. అందుకని గొలుసులో ఒక్కో లింకునీ విడిగా కొలిచారు. మందుల షాపులకి మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి పశువుకి నొప్పి మందు అడిగితే ఏం ఇస్తున్నారో రాసుకున్నారు. చనిపోయిన పశువుల కాలేయం ముక్కలు సేకరించి ల్యాబులో మందు ఉందా, ఎంత ఉందా అని చూశారు. నిషేధం తర్వాత మందున్న కళేబరాల వంతు తగ్గింది, కానీ పోలేదు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలని పశువులకి వాడేస్తున్నారని షాపుల సర్వేలో దొరికింది, ఆ ఆధారంతోనే 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసా సైజుని 3 మిల్లీలీటర్లకి కుదించారు. షాపుల్లో ఇంకో సంగతి కూడా కనబడింది, డైక్లోఫెనాక్ పోయిన చోట రాబందులకి హాని లేని మెలాక్సికామ్ ఒక్కటే రాలేదు, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కూడా వచ్చాయి. వాటిని 2023లో మన దేశం నిషేధించింది. రోడ్డు సర్వేలు మళ్లీ మళ్లీ చేస్తే తగ్గుదల వేగం పడిపోయి, చాలా తక్కువ సంఖ్య దగ్గర ఆగినట్టు కనబడింది. నేపాల్‌లో మందు వాడకం గట్టిగా తగ్గింది, అక్కడ 2013 తర్వాత రాబందులు కొంతవరకు కోలుకుంటున్న గుర్తులు వచ్చాయి. పక్కపక్కనే ఉన్న దేశాల్లో మందు ఎక్కువ తగ్గిన చోట పక్షి ఎక్కువ కోలుకోవడం, ఇంతకంటే మంచి సాక్ష్యం బయట ప్రపంచంలో దొరకడం కష్టం.

ఉత్త రాబందుల గ్రాఫ్ మాత్రమే చూసుంటే 2010లో "నిషేధం విఫలం" అని ఒక హెడ్డింగ్ వచ్చేది. గ్రాఫ్ కిందికి పోతోంది కాబట్టి పని దండగ అనుకోవడం, పైకి పోతోంది కాబట్టి పని గొప్పది అనుకోవడం, రెండూ ఒకే రకం తప్పు.

దక్షిణ జార్జియా ద్వీపం దగ్గర ఆల్బట్రాస్‌ల విషయమూ ఇలాంటిదే. అక్కడి చేపల వేటలో గాలాలు రాత్రిపూట మాత్రమే వేయడం, గూడు కాలంలో వేట ఆపడం, పక్షుల్ని బెదిరించే రంగు పట్టీలు కట్టడం లాంటివి పెట్టాక పక్షుల చావులు దాదాపు లేకుండా పోయాయి. అయినా ఆ ద్వీపంలో గూడు కట్టే ఆల్బట్రాస్‌లు తగ్గుతూనే ఉన్నాయి. అవి వేల కిలోమీటర్లు తిరుగుతాయి, ఇక్కడ బతికిన పక్షి ఇంకో సముద్రంలో ఇంకెవరి గాలానికో చిక్కుతుంది. చర్య పనిచేసింది, పక్షి మాత్రం నిలబడలేదు. ఈ రెండు వాక్యాలూ ఒకే నివేదికలో రాయగలిగిన ధైర్యం ఉండాలి.

కొన్నిసార్లు చర్యలోనే పురుగు ఉంటుంది, అది డేటాలో తప్ప కనబడదు. న్యూజిలాండ్ దగ్గర చాథమ్ దీవుల్లో బ్లాక్ రాబిన్ అనే చిన్న పిట్ట 1980 నాటికి ఐదే మిగిలాయి. ప్రతి గుడ్డూ ప్రాణమే కదా, గూటి అంచు మీద పెట్టిన గుడ్లని (అవి పొదగబడక పాడైపోతాయి) సంరక్షకులు జాగ్రత్తగా గూటి మధ్యలోకి జరిపేవాళ్లు. జాతి బతికింది. కానీ అంచున గుడ్డు పెట్టే ఆ అలవాటు వంశపారంపర్యంగా వచ్చేది, మనుషులు సాయం చేయడంతో అది పాకిపోయి 1989 నాటికి సగానికి పైగా ఆడపక్షులు అలాగే పెట్టడం మొదలుపెట్టాయి. గుడ్లు జరపడం మానేశాక ప్రకృతే దాన్ని ఏరేస్తూ వచ్చింది, 2011కి 9 శాతానికి దిగింది. ప్రతి పక్షికీ తల్లిదండ్రులెవరో రాసిపెట్టుకున్నారు కాబట్టి ఇది బయటపడింది. మొత్తం సంఖ్య ఒక్కటే రాసుకుని ఉంటే, గ్రాఫ్ పైకి వెళ్తోంది, అందరూ హ్యాపీ.

సగటు ఎలా మోసం చేస్తుందో చెప్పడానికి దక్షిణాఫ్రికాలోని కరూ ప్రయోగం. అక్కడ కరెంటు తీగలకి తగిలి పెద్ద పక్షులు చనిపోతుంటే, కొన్ని భాగాల్లో తీగలకి కనబడే గుర్తులు వేలాడదీసి, కొన్ని వదిలేసి, ముందూ తర్వాతా ఏళ్ల తరబడి తీగల కింద నడుస్తూ కళేబరాలు లెక్కపెట్టారు. పెద్ద పక్షులన్నిటినీ కలిపి చూస్తే గుర్తులు పెట్టినచోట చావులు 51 శాతం తగ్గాయి, నీలి కొంగలకైతే 92 శాతం. కానీ బట్టమేక జాతి పక్షులకి విడిగా చూస్తే తేడా ఏమీ లేదు. ఎగురుతూ కిందికి చూడ్డానికి తల వంచితే ఈ పక్షులకి ఎదురుగా ఉన్నది కనబడదు, ఎదుట ఏం వేలాడదీసినా చూడాలి కదా. మన థార్ ఎడారిలో బట్టమేక పిట్ట కోసం తీగలకి ఇలాంటి గుర్తులే వేలాడదీస్తున్నారు కాబట్టి "గుర్తులు చావుల్ని సగానికి తగ్గిస్తాయి" అన్న సగటు మాట పట్టుకుని కూర్చుంటే ఇక్కడ చాలా ఖరీదైన పొరపాటు అవుతుంది. తీగల్ని భూమిలోకి మార్చాలని అడిగేవాళ్ల వాదనలో అతి బలమైన ముక్క ఇదేనని నా అభిప్రాయం. ఇంకో మాట, తీగల కింద దొరికిన కళేబరాల లెక్క అసలు చావుల లెక్క కాదు, నక్కలు ఎత్తుకుపోయేవి, పొదల్లో పడేవి, గాయపడి ఎగిరిపోయి ఎక్కడో చచ్చేవి ఉంటాయి. అందుకే ఇలాంటి సర్వేల్లో ముందే కొన్ని కళేబరాల్ని కావాలని పెట్టి, ఎన్ని రోజులు ఉంటాయో, వెతికేవాళ్లకి ఎన్ని దొరుకుతాయో చూసి సవరణ చేస్తారు.

పోలికకి ఇంకో చోటే లేని జాతుల విషయంలో ఏం చేయాలి? న్యూజిలాండ్‌లో కాకపో అనే ఎగరలేని చిలక ఉంది, ప్రపంచంలో మిగిలిన కాకపోలన్నీ సంరక్షణలోనే ఉన్నాయి (1995లో 51, 2022లో 252), వదిలేసిన కాకపో గుంపు ఎక్కడా లేదు. అలాంటప్పుడు జాతి గురించి బాగా తెలిసినవాళ్లని విడివిడిగా అడిగి, చర్యలు లేకపోతే అంతరించే అవకాశం ఎంతుండేదో అంచనా వేయిస్తారు, తర్వాత ఒకరి కారణాలు ఒకరికి చూపించి మళ్లీ అడుగుతారు. 2020లో ఇలా చేసిన ఒక లెక్కలో, 1993 తర్వాత సంరక్షణ వల్ల 21 నుంచి 32 పక్షి జాతులు అంతరించకుండా ఆగాయని తేలింది. 21కీ 32కీ మధ్య అంత తేడా ఉంచి ఉన్నదున్నట్టు చెప్పడం బాగుంది, "27 జాతుల్ని కాపాడాం" అని ఒక్క అంకె వేసుంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

ఇక కాలం సంగతి. మూడేళ్ల ప్రాజెక్టు, మూడు సీజన్ల లెక్క, చివర ఒక నివేదిక, ఇదీ మామూలుగా నడిచే పద్ధతి. వెన్నెముక ఉన్న జంతువుల 822 పాపులేషన్ల డేటా మీద 2019లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, ట్రెండ్ ఉందా లేదా అని నమ్మకంగా చెప్పాలంటే సగటున 16 ఏళ్ల వరుస లెక్కలు కావాలి. మూడేళ్లలో "గణనీయమైన మార్పు కనబడలేదు" అంటే చర్య పనిచేయలేదని కాదు, కనుక్కునేంత డేటా లేదని. ఈ రెండిటికీ తేడా తెలియక మంచి పనులు మూతబడటం, పనికిరానివి అలవాటుగా నడిచిపోవడం, రెండూ జరుగుతున్నాయి. నన్నడిగితే ఏ కార్యక్రమానికైనా లెక్కపెట్టే పనికి విడిగా డబ్బు, కార్యక్రమం కంటే ముందు మొదలై దాని తర్వాత కూడా నడిచేలా, ఒప్పందంలోనే రాయాలి. లేకపోతే ఆ డబ్బుతో ఇంకో నాలుగు బోర్డులు పెట్టేస్తారు.

అన్నిటికంటే కరువుగా ఉండేది 'ముందు' కాలం డేటా అని పైన చెప్పాను కదా, దాన్ని ఇప్పుడు కొత్తగా పుట్టించలేం, పాత నోట్‌బుక్కుల్లో ఉంటే తప్ప. మన దేశం నివేదికల్లో దీర్ఘకాలిక ట్రెండ్‌కి 2000కి ముందు కాలాన్నే ఆధారంగా తీసుకుంటారు, ఆ కాలం లిస్టులు చాలా తక్కువ. మీ దగ్గరో, మీకు తెలిసిన పెద్దవాళ్ల దగ్గరో అప్పటి పక్షుల నోట్సు ఉంటే ఈబర్డ్‌లో పాత తేదీతోనే ఎక్కించొచ్చు. తేదీ, చోటు ఖాయంగా తెలిసి, ఎంతసేపు చూశారో తెలియకపోతే ఊహించి ఒక గంట అని వేయకండి, 'హిస్టారికల్' అనే ఆప్షన్ ఉంటుంది, అది ఎంచుకోండి. నోట్సులో అరుదైన పక్షుల పేర్లే ఉండి కాకి, గోరింక లాంటివి కనబడకపోతే, పూర్తి లిస్టేనా అన్న ప్రశ్నకి "కాదు" అని పెట్టండి.